సీనియర్ జంటల మానవతా మిషన్: బయల్దేరేముందు తెలుసుకోవాల్సిన మంచీ చెడూ

రిటైరైన భార్యాభర్తలు కలిసి పరాయి దేశంలో ఏడాదిన్నర ఉండి సేవ చేయాలనుకుంటే, యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘం నడిపే సీనియర్ మిషనరీ కార్యక్రమం చాలా గట్టి ఏర్పాటు. ఆ సంఘ సభ్యులకే ఇది వర్తిస్తుంది. మనకు దూరపు సంగతి కూడా కాదు. భారతదేశంలో ఈ సంఘపు మొదటి స్టేక్ (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) 2012లో ఏర్పడింది హైదరాబాదులోనే. అంతకు చాలా ముందే, 1978లో, సమోవాలో బాప్తిస్మం పొందిన ధర్మరాజు కుటుంబం మిషనరీలుగా వచ్చింది కూడా ఈ ఊరికే. కార్యక్రమం మంచిదే. అయితే అందులోని బలమంతా అక్కడికి చేరాక జరిగే పనిలో (ఊళ్లకు నీళ్లు, వీల్‌చెయిర్లు, నర్సులకు శిక్షణ లాంటివి) ఉంది, బలహీనత చాలావరకు బయల్దేరేముందు జంట నెత్తిన పడే పనుల్లో ఉంది.

ముందు డబ్బు సంగతి. ఇది జీతం లేని సేవ. తిండి, స్థానిక ప్రయాణాలు, ఇన్సూరెన్సు అన్నీ జంటే భరించుకోవాలి. 2011 సెప్టెంబరులో వచ్చిన మార్పు మాత్రం చాలామందికి దారి తెరిచింది. సొంత దేశం బయట సేవ చేసే జంట ఇంటి ఖర్చుకు నెలకు 1,400 డాలర్ల పరిమితి పెట్టారు. అద్దె అంతకు మించితే మిగతాది సంఘం చూసుకుంటుందన్నారు. 6, 12, 18, 23 నెలల్లో ఏదైనా ఎంచుకోవచ్చని కూడా అప్పుడే చెప్పారు. కాకపోతే 6, 12 నెలలకు విదేశం వెళ్లేవాళ్లు రానుపోను టికెట్లు సొంతంగా కొనుక్కోవాలి. మానవతా సేవకు 6 నెలలు ఎంచుకోవడం మాత్రం దండగ. ఆసుపత్రి అధికారులు, జిల్లా నీటి శాఖవాళ్లు పేరు పెట్టి పిలిచే చనువు ఏర్పడేసరికే తిరుగు టికెట్ తేదీ వచ్చేస్తుంది. 18 నెలలకు తగ్గకుండా చూసుకోండి.

దరఖాస్తు బిషప్ (స్థానిక సంఘ పెద్ద), స్టేక్ ప్రెసిడెంట్ల ద్వారా వెళుతుంది. ఇష్టమైన దేశం రాయవచ్చు, కానీ ఎక్కడికి పంపాలన్నది నిర్ణయించేది ప్రధాన కార్యాలయమే. కాల్ (ఎక్కడ సేవ చేయాలో చెబుతూ సంఘం పంపే పిలుపు) వచ్చాక వీసా పని మొదలవుతుంది, ఎక్కువ ఆలస్యం జరిగేది ఇక్కడే. చాలా దేశాలు పోలీసు క్లియరెన్సు, పెళ్లి సర్టిఫికెట్ అడుగుతాయి, వాటికి అపోస్టిల్ (పత్రం అసలైనదేనని పరాయి దేశం కోసం వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) ఉండాలంటాయి. అమెరికాలో పోలీసు క్లియరెన్సుగా ఎఫ్‌బీఐ ఇచ్చే నివేదికకు అపోస్టిల్ వేసేది ఫెడరల్ విదేశాంగ శాఖ. పెళ్లి సర్టిఫికెట్‌కు మాత్రం అది ఏ రాష్ట్రంలో రిజిస్టరైతే ఆ రాష్ట్రమే వేయాలి. రెండూ ఒకే చోటికి పంపితే ఒకటి వెనక్కి వస్తుంది, వారాలు పోతాయి. పాస్‌పోర్టుకు రెండేళ్లకు పైగా గడువు లేకపోతే ముందే రెన్యూ చేయించండి. వీసా స్టాంపయ్యాక మార్చడం పెద్ద తలనొప్పి.

ఆరోగ్యం విషయంలో ఈ వయసువాళ్లకు ఉన్న చిక్కులు వేరు. ఎల్లో ఫీవర్ టీకా అడిగే దేశానికి వెళుతుంటే, అక్కడ అడుగుపెట్టడానికి కనీసం 10 రోజుల ముందు అది పడాలి. 2016 నుంచి ఒక్క సర్టిఫికెట్టే జీవితాంతం చెల్లుతుంది. కానీ 60 దాటాక మొదటిసారి వేయించుకునేవాళ్లకు తీవ్రమైన దుష్ఫలితాల ముప్పు ఎక్కువ. కాబట్టి క్యూలో నిలబడి సూది పొడిపించుకోవడం కాదు, ట్రావెల్ డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి. టీకా కుదరదంటే డాక్టరు మినహాయింపు పత్రం ఇస్తారు, దాన్ని ఆ దేశం ఒప్పుకుంటుందో లేదో ముందే అడగాలి. టైఫాయిడ్ ఇంజెక్షను రెండు వారాల ముందు వేయించుకోవాలి, రెండేళ్లకే దాని బలం తీరిపోతుంది. హెపటైటిస్-ఎ రెండో డోసు ఆరు నెలలకు పడుతుంది కాబట్టి అది అక్కడే వేయించుకోవాల్సి రావచ్చు. మలేరియా రాకుండా వాడే మాత్రల్లో అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే వెళ్లేముందు ఒకట్రెండు రోజులు మొదలుపెట్టి, వచ్చాక 7 రోజులు వాడాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక 4 వారాలు. ఇంటికొచ్చాం కదా అని ఆపేసినవాళ్లకే జ్వరం తగులుకుంటుంది.

అమెరికాలోని మనవాళ్లు పట్టించుకోవాల్సిన మరో సంగతి మెడికేర్, అంటే అక్కడి ప్రభుత్వం పెద్దవాళ్లకిచ్చే ఆరోగ్య బీమా. అది దేశం బయట దాదాపు పనిచేయదు. అందుకని అందులో డాక్టరు ఖర్చులు చూసే పార్ట్-బి వదిలేస్తే, తర్వాత తిరిగి చేరేటప్పుడు ఒక్కో పూర్తి ఏడాదికి 10 శాతం చొప్పున ప్రీమియం పెరిగే జరిమానా ఉంది. అయితే పన్ను మినహాయింపు ఉన్న సంస్థ తరఫున కనీసం 12 నెలలు విదేశంలో స్వచ్ఛంద సేవ చేస్తూ, ఆ కాలంలో వేరే ఆరోగ్య బీమా ఉన్నవాళ్లకు ప్రత్యేక నమోదు గడువు ఇస్తారు. దానికి రుజువు కాగితాలు కావాలి, బయల్దేరేముందే భద్రపరచుకోండి. 12 నెలల లోపు వెళ్లేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు.

అమెరికాలోని ప్రోవోలో ఉన్న సంఘపు మిషనరీ ట్రైనింగ్ సెంటర్‌లో శిక్షణ సాఫీగానే జరుగుతుంది. భాషకు ఇచ్చే సమయం మాత్రం చాలదు.

చేరాక చేసే పని నిజంగా గొప్పది. జంట చేతికి పంచిపెట్టడానికి డబ్బు కట్టలు ఇవ్వరు. స్థానిక భాగస్వామిని వెతకడం, ప్రతిపాదన రాయడం, సంఘపు ఏరియా ఆఫీసు (ఆ ప్రాంతపు కార్యాలయం) ఆమోదం తీసుకోవడం, పని పూర్తయ్యేదాకా వెంటపడడం వీళ్ల బాధ్యత. సాధారణంగా డబ్బు నేరుగా సరుకు అమ్మేవాళ్లకు వెళుతుంది. నెమ్మది అని కొందరు విసుక్కుంటారు గానీ, సొమ్ము పక్కదారి పట్టకుండా కాపాడేది ఈ పద్ధతే.

నీటి పనుల్లో మన దేశపు వస్తువు ఒకటి ఎదురవుతుంది. మన పల్లెల్లో బోరింగు అనే ఇండియా మార్క్-2 చేతిపంపు ఆఫ్రికాలో చాలాచోట్ల ఉంది. సుమారు 45 మీటర్ల లోతు నుంచి నీళ్లు తోడుతుంది, మొరటు వాడకాన్ని తట్టుకుంటుంది. దాని చిక్కల్లా లోపలి వాషర్లు అరిగినప్పుడు. వాటిని మార్చాలంటే పైపులన్నీ పైకి లాగాలి, దానికి మనుషులు, పనిముట్లు కావాలి. మార్క్-3లో పైపులు కదపకుండానే పిస్టన్ పైకి తీయవచ్చు. ప్రతిపాదనలో బోరు తవ్వకం ఖర్చు రాసి, విడి భాగాలు, ఊరి కమిటీ, నెలవారీ చందా సంగతి వదిలేస్తే ఆ పంపు ఎక్కువ కాలం నడవదు.

వీల్‌చెయిర్ల విషయంలోనూ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఎనిమిది మెట్లున్నాయి, వాటిలో కొలత తీయడం, కుర్చీ సరిచేసి ఇవ్వడం, వాడకం నేర్పడం, తర్వాత మరమ్మతు ముఖ్యం. సీటు తుంటి వెడల్పుకు సరిపోవాలి, మోకాలి వెనుక రెండు వేళ్ల ఖాళీ ఉండాలి. కుషన్ లేని కుర్చీ వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకు పుండ్లు తెస్తుంది. స్పర్శ ఉండదు కాబట్టి ముదిరేదాకా తెలియదు. ముందు చిన్న చక్రాలున్న ఆసుపత్రి కుర్చీ మట్టిదారిలో కూరుకుపోతుంది. ఫొటోల కోసం ఒక్కరోజులో వందలకొద్దీ పంచే కార్యక్రమానికి ఒప్పుకోకండి.

పుట్టగానే ఊపిరి తీసుకోని శిశువులకు ఊపిరి పోసే శిక్షణలో పుట్టిన మొదటి నిమిషం కీలకం. తుడిచి, ఒళ్లు రుద్దినా ఊపిరి తీసుకోకపోతే ఆ నిమిషంలోపే బ్యాగ్, మాస్కుతో గాలి ఇవ్వాలి. నర్సులకు ఒకసారి నేర్పి వదిలేస్తే ఆ నేర్పు పోతుంది. బొమ్మ మీద మళ్లీ మళ్లీ సాధన చేయించే ఏర్పాటు కూడా ప్రతిపాదనలో ఉండాలి.

చేరాక కనిపించే పెద్ద లోపం అప్పగింతలో ఉంది. ఒక జంట వెళ్లాక రెండో జంట నెలల తర్వాత వస్తే, సగంలో ఉన్న పనులు, పరిచయాలు చెల్లాచెదురవుతాయి. కనీసం రెండు వారాలు ఇద్దరూ కలిసి ఉండేలా తేదీలు అడగండి. కుదరకపోతే ప్రతి ప్రాజెక్టుకూ ఎవరితో ఏం మాట్లాడారో, ఏ బిల్లు మిగిలిందో ఒక పేజీ రాసి పెట్టండి.

చిన్నవే అయినా ఇబ్బంది పెట్టేవి కొన్ని. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఏడాదికే చెల్లుతుంది, కాబట్టి 18 నెలలకు అక్కడి లైసెన్సు తీసుకోక తప్పదు. అమెరికా 120 వోల్టుల కెటిల్ 230 వోల్టులకు మాడిపోతుంది. నిద్రలో ఊపిరి ఆగకుండా వాడే సీప్యాప్ యంత్రాలు చాలావరకు రెంటికీ పనిచేస్తాయి, అడాప్టర్ మీద చూసుకోండి. దాన్నీ, మందుల్నీ చెక్-ఇన్ సామానులో పెట్టకండి. ట్రామడాల్, కోడీన్ లాంటివి కొన్ని దేశాల్లో నిషిద్ధం.

హైదరాబాదు నుంచి వెళ్లే జంటలకు ఎల్లో ఫీవర్ టీకా ఏ క్లినిక్‌లో పడితే ఆ క్లినిక్‌లో దొరకదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. పాస్‌పోర్టు తప్పనిసరిగా పట్టుకెళ్లండి. టీకా వేసి ఇచ్చే పసుపు కార్డు (ఆ టీకా సర్టిఫికెట్) తిరుగు ప్రయాణంలోనూ చేతిసంచిలోనే ఉండాలి. ఆ జ్వరం ఉన్న దేశాల నుంచి కార్డు లేకుండా దిగినవాళ్లను మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు.