సిరిపురంలో కాలేజీ అప్లికేషన్ల కౌన్సెలింగ్: ‘మిస్ ఫేర్‌వెల్’ని ఆనర్స్‌లో రాయించబోయారు

మా అమ్మాయి ఈ ఏడాది పన్నెండో తరగతి. అమెరికాలో అండర్‌గ్రాడ్ కోసం విశాఖ సిరిపురంలోని ఒక కౌన్సెలింగ్ సెంటర్‌లో జూన్‌లో చేర్పించాం, డిసెంబర్ 29న ఆఖరి ఫారం పంపేదాకా అక్కడికే తిరిగాం. సెంటర్ పేరు రాయడం లేదు, మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో ఇద్దరు తల్లులు వేరే సెంటర్లలో కూడా ఇలాగే జరిగిందని చెప్పారు కాబట్టి ఒక్కళ్ళ మీద పెట్టడం న్యాయం అనిపించలేదు. 5కి 3 ఇస్తాను. అందులో రెండు అక్కడ పనిచేసే ఒక జూనియర్ కౌన్సెలర్ అమ్మాయికే.

బాగున్నవి ముందు చెప్తాను. ఏ కాలేజీకి ఎప్పుడు గడువో చార్ట్ వేసి ఇచ్చారు, వాట్సాప్‌లో అడిగితే అదే రోజు జవాబు వచ్చేది, ఎస్సే వాళ్ళు రాసివ్వకుండా పిల్ల చేతే నాలుగుసార్లు తిరగరాయించారు. పార్కింగ్ మాత్రం కష్టం, సాయంత్రం ఆరు దాటితే బండి పెట్టడానికి చోటుండదు.

గొడవంతా ఆనర్స్ దగ్గర, అంటే వచ్చిన అవార్డులు, గుర్తింపులు రాసే చోట వచ్చింది. అమెరికాలో చాలా కాలేజీలకి ఒకే అప్లికేషన్‌గా పనికొచ్చే కామన్ యాప్ ఫారంలో ఆనర్స్‌కి 5 గళ్ళు ఉంటాయి, ఒక్కోదానికి 100 అక్షరాలు. మా అమ్మాయికి గట్టిగా చెప్పుకోదగ్గవి మూడే: ఒలింపియాడ్‌లో జోనల్ ర్యాంకు, జిల్లా స్విమ్మింగ్ పోటీల్లో రెండో స్థానం, స్కూల్లో లెక్కల ప్రైజు. రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయని సీనియర్ కౌన్సెలర్ సార్‌కి టెన్షన్. పదో తరగతి ఫేర్‌వెల్‌లో మా అమ్మాయికి ‘మిస్ ఫేర్‌వెల్’ వచ్చిందని మాటల్లో విని, “అది రాసేద్దామండీ, అక్కడి స్కూళ్ళలో హోమ్‌కమింగ్ క్వీన్ ఉంటుంది కదా, వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది” అన్నారు.

అర్థమవుతుంది, నిజమే. పిల్లలు ఓట్లేసి ఎన్నుకున్న టైటిల్ అని అర్థమవుతుంది, అంతకు మించి దాన్నిబట్టి మా అమ్మాయి గురించి ఏం తెలుస్తుంది? నేను ఇంటికొచ్చి రెండు రాత్రులు కూర్చుని చదివాను. అక్కడి కాలేజీలు చాలావరకు ఏటా కామన్ డేటా సెట్ అని ఒకటి విడుదల చేస్తాయి, అందులో సీ7 అనే భాగంలో అడ్మిషన్‌కి ఏది ఎంత ముఖ్యమో ఆ కాలేజీయే గుర్తు పెడుతుంది. తీసుకున్న సబ్జెక్టులు ఎంత కష్టమైనవి, మార్కులు, ఎస్సే, రికమెండేషన్, యాక్టివిటీస్, ప్రతిభ, వ్యక్తిత్వం, ఇలా ఒక్కొక్కటీ వరసగా ఉంటాయి. తోటి పిల్లల్లో ఎంత పేరుంది అనే వరస అందులో లేదు. మీరు కూడా మీ లిస్టులో ఉన్న ప్రతి కాలేజీ సీ7 తీసి చూడండి, గంట పని.

ఇంతకన్నా నన్ను బాధపెట్టింది ఇంకోటి ఉంది. ప్రతి ఆనర్ పక్కన అది స్కూల్ స్థాయా, రాష్ట్ర లేదా ప్రాంతీయ స్థాయా, జాతీయమా, అంతర్జాతీయమా అని గుర్తు పెట్టాలి. డ్రాఫ్ట్‌లో ‘మిస్ ఫేర్‌వెల్’కి రాష్ట్ర లేదా ప్రాంతీయ స్థాయి అని పెట్టి ఉంది! అడిగితే, స్కూలు వాళ్ళు మూడు బ్రాంచీలకీ కలిపి ఒకే ఫంక్షన్ హాల్లో చేశారు కాబట్టి అలా అనొచ్చన్నారు. అనకూడదండీ. చివర్లో ఇదంతా నిజమని పిల్లే సంతకం పెడుతుంది, తప్పని తేలితే ఇచ్చిన సీటు కూడా వెనక్కి తీసుకోవచ్చని అక్కడే రాసి ఉంటుంది. పదిహేడేళ్ళ పిల్ల చేత అలాంటి సంతకం పెట్టించడానికి నాకు మనసొప్పలేదు, సార్‌కి ఆ మాటే గట్టిగా చెప్పి తీసేయించాను.

జూనియర్ కౌన్సెలర్ వచ్చింది ఆ తర్వాతే. ఆ అమ్మాయి మా పిల్లని కూర్చోబెట్టి ఒకటే అడిగింది: “నీకే ఎందుకు ఓటేశారమ్మా?” మా పిల్ల సిగ్గుపడి “ఏమో అక్కా” అంది. కాసేపటికి చెప్పింది. గాజువాక, కూర్మన్నపాలెం వైపు వెళ్ళే పిల్లలకి స్కూల్ వ్యాన్ నాలుగింటికే వెళ్ళిపోయేది, గేమ్స్ ప్రాక్టీసు అయిదుంబావు దాకా ఉంటుంది. చిన్న క్లాసుల ఆడపిల్లలు కొంతమంది ఆ కారణానికే ఆటలు మానేశారు. మా పిల్ల ఏ స్టాపులో ఎంతమంది దిగుతారో నోట్‌బుక్‌లో రాసుకుని, తల్లిదండ్రుల సంతకాలు తీసుకుని, ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌ఛార్జ్ సార్ చుట్టూ రెండు వారాలు తిరిగి, అయిదున్నరకి రెండో ట్రిప్పు వేయించింది. ఫేర్‌వెల్‌లో ఓటేసింది తొమ్మిది, పది తరగతుల పిల్లలు, అందులో ఆ వ్యాన్ ఎక్కేవాళ్ళు ఎంతమందో. తల్లిని, నాకే సగం తెలియదు ఈ సంగతి. వింటూ ఉంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

ఆ పూటే అది యాక్టివిటీస్‌లోకి వెళ్ళింది. అక్కడ 10 గళ్ళు, వివరణకి 150 అక్షరాలు, మధ్య ఖాళీలు కూడా లెక్కే. స్టాపులు ఎన్ని, పిల్లలు ఎంతమంది, ఎన్నింటికి వ్యాన్, అంతే రాసింది. టైటిల్ మాట ఎక్కడా లేదు. ఆనర్స్‌లో రెండు గళ్ళు ఖాళీగానే పంపాం.

అలాగని ఇలాంటివి ఎప్పుడూ రాయకూడదని నేను అనను. ఎస్పీఎల్ (స్కూల్ విద్యార్థి నాయకుడు), హౌస్ కెప్టెన్ కూడా ఓట్లతోనే వస్తాయి, కానీ వాటికి ఏడాది పొడుగునా పని ఉంటుంది, అవి రాయాలి. కిరీటం పెట్టి ఫొటో తీశాక పనేమీ మిగలని టైటిల్ అయితే దాన్ని చెప్పాల్సింది మనం కాదు, క్లాస్ టీచర్. మా టీచర్ రాసిన లెటర్ మాకు కనిపించదు, కానీ పిల్లలు తనని ఎంచుకున్న సంగతి వ్యాన్ సంగతితో కలిపి రాశానని ఆవిడే ఫోన్ చేసి చెప్పారు.

రిజల్ట్స్ మార్చి ఆఖరుకి వస్తాయి. ఫీజు మూడు విడతలుగా కట్టనిస్తారు, ఆఖరి విడత ఫారం పంపాకే ఇస్తామని ముందే మాట్లాడుకోండి. వాళ్ళు నింపిన ఫారం మొత్తం పీడీఎఫ్ తీయించుకుని, పక్కన ఏ స్థాయి అని పెట్టారో ఒక్కొక్కటీ పిల్లతో కలిసి చదవండి, సబ్మిట్ మాత్రం పిల్ల చేత్తోనే నొక్కించండి.