స్పిన్నింగ్ రీలుకు మోనోనా, బ్రెయిడా?

చేపలు పట్టడానికి రీలు కొన్నాక అసలు తికమక లైన్ (గాలానికి కట్టే దారం) దగ్గర మొదలవుతుంది. మోనో అంటే ఒకే నైలాన్ పోగు. బ్రెయిడ్ అంటే సన్నని పాలిథిలిన్ పోగులు నాలుగో ఎనిమిదో కలిపి అల్లిన దారం.

స్పిన్నింగ్ రీలులో విసిరేటప్పుడు స్పూల్ (లైన్ చుట్టి ఉండే కండె) తిరగదు, లైన్ చుట్టలు చుట్టలుగా దాని అంచు మీద నుంచి జారిపోతుంది. లావు మోనోకి ఇబ్బంది ఇక్కడే. కొన్నాళ్లు స్పూల్ మీద ఉంటే స్ప్రింగులా ముడుచుకుపోయి, విసరగానే నాలుగైదు చుట్టలు ఒక్కసారే ఊడిపడతాయి. బ్రెయిడ్‌కి ఆ అలవాటు లేదు. పైగా 20 పౌండ్ల బరువు దాకా తెగకుండా ఆగే బ్రెయిడ్ సుమారు 6-8 పౌండ్ల మోనో అంత లావే ఉంటుంది కాబట్టి ఎర దూరం వెళ్తుంది. పెద్దగా సాగదు కనుక చేప ఊరికే ముట్టినా చేతికి తెలుస్తుంది.

ఆ సాగకపోవడమే ఒక్కోసారి కొంప ముంచుతుంది. ఒడ్డు దాకా వచ్చిన చేప ఒక్క గుంజు గుంజితే మోనో సాగి ఓర్చుకుంటుంది. బ్రెయిడ్‌తో డ్రాగ్ (చేప లాగినప్పుడు లైన్‌ను కొద్దికొద్దిగా వదిలే రీలు బ్రేకు) బిగువుగా ఉంటే గాలం నోరు చీల్చుకుని వచ్చేస్తుంది. రాళ్లకు రాసుకుంటే తెగేదీ బ్రెయిడే. అందుకే చివర ఓ మీటరు ఫ్లోరోకార్బన్ లీడర్ (రాపిడికి ఓర్చుకునే దారం ముక్క) కట్టాలి.

నేను మొదటిసారి బ్రెయిడ్‌ను నేరుగా నున్నటి స్పూల్ మీద చుట్టాను. డ్రాగ్ ఎంత బిగించినా లైన్ మొత్తం స్పూల్ మీదే గిర్రున తిరిగింది! అడుగున పది చుట్లు మోనో వేస్తే ఆ గొడవ ఉండదు.

కొత్తవాళ్లకు నా ఓటు మోనోకే. చవక, ముడి సులువు, చిక్కుపడితే విప్పుకోవచ్చు. విసరడం చేతికి అలవాటయ్యాక బ్రెయిడ్‌కి మారండి.