ముందు ఫోటోలా, మాటలా? మన ఊళ్ళ కుర్రకారు చరిత్ర దాచాలంటే ఏది మేలు

నెల్లూరు, ఒంగోలు వైపు ఎనభైల్లో, తొంభైల్లో కుర్రకారు ఎలా ఉండేవాళ్ళో ఎక్కడో ఒకచోట భద్రం చేయాలని ఈ మధ్య నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు తిరుగుతున్నారు. అభిమాన సంఘాలు, చేత్తో గీసిన కటౌట్లు, తెల్లారకముందే బెనిఫిట్ షో దగ్గర టపాకాయలు, వినాయకుడి పందిట్లో బ్రేక్ డాన్సు, పాటల లిస్టు రాసిచ్చి ఖాళీ క్యాసెట్లో రికార్డు చేయించుకోవడం, అదంతా. వాళ్ళకొచ్చిన అనుమానం ఒకటే. టైమూ డబ్బూ ఒక్క పనికే సరిపోతే ముందు ఫోటోలు, కరపత్రాలు స్కాన్ చేయాలా, మనుషులతో మాట్లాడి రికార్డు చేయాలా?

స్కానింగ్‌లో సుఖం ఏమిటంటే కాగితం ఎదురు మాట్లాడదు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు, అంటే బాగా స్పష్టంగా) పెట్టి, వెనకవైపు కూడా స్కాన్ చేస్తే (స్టూడియో ముద్రో తేదీయో ఉండేది అక్కడే) పని అయిపోయినట్టే. మా మామయ్య ట్రంకుపెట్టెలో అలాంటి ఫోటోలు నలభై దాకా దొరికాయి. కటౌట్ కింద పదిహేను మంది కుర్రాళ్ళు, బెల్‌బాటం ప్యాంట్లు, మెడలో రుమాళ్ళు. ఎవరు వీళ్ళు? మామయ్య లేడు. అత్తని అడిగితే, "ఏందబ్బయ్యా, వాళ్ళు రోజూ వచ్చి టీ తాగిపోయేవాళ్ళు, పేర్లెవరికి తెలుసు" అంది. అంత మంచి స్కాన్ నా కంప్యూటర్లో అనాథలా పడుంది.

ఇంకోటి, ఆ నలభై ఫోటోల్లో ఒక్క ఆడపిల్ల లేదు. 1964లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో రిచర్డ్ హాగర్ట్ పెట్టిన సంస్కృతి అధ్యయన సెంటర్ వాళ్ళు టెడ్డీ బాయ్స్, మాడ్స్, స్కిన్‌హెడ్స్ అని ఒక్కో వేషంతో గుంపులు కట్టిన బ్రిటన్ కుర్రకారు మీద బోలెడు రాశారు, డెబ్బైల్లో అక్కడి ఏంజెలా మెక్‌రాబీ, జెన్నీ గార్బర్ వచ్చి ఇందులో అమ్మాయిలేరీ అని నిలదీశారు. అమ్మాయిలు వీధిలో కాదు, ఇంట్లో తమ గదిలో పోస్టర్ల మధ్య ఉన్నారు, మీరు అటు చూళ్ళేదన్నారు. మన దగ్గర సొంత గది ఎక్కడిది గానీ నోటుబుక్కు ఉండేది. కావలిలో మా పిన్ని వారపత్రికల్లోంచి హీరోల బొమ్మలు కత్తిరించి లాంగ్ నోటుబుక్కులో అన్నం మెతుకులతో అంటించేదట, ముగ్గురు స్నేహితురాళ్ళు వంతులవారీగా ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళట. అదేమైంది పిన్నీ అంటే, "పెళ్ళికి ముందు మా నాయన పాతపేపర్లతో కలిపి తూకానికేసేశాడు" అంది. దాన్ని ఇక ఏ స్కానరూ పట్టుకోలేదు, పిన్ని నోట్లోంచి వస్తేనే ఉంది.

అందుకే నా ఓటు మాటలకే. అలాగని మాటలు బంగారమేం కాదు. ప్రతి ఊళ్ళోనూ మొదటి సంఘం మాదే అనేవాడొకడుంటాడు, థియేటర్ దగ్గర జరిగిన చిన్న తోపులాట ముప్పై ఏళ్ళలో కురుక్షేత్రం అయిపోతుంది. తేదీల విషయంలో పాత పత్రికలు తిరగేయాల్సిందే. నెల్లూరులో 1930 నుంచి జమీన్ రైతు వారపత్రిక ఉంది, 2022 దాకా ప్రకాశం జిల్లాలోనే ఉన్న వేటపాలెంలో సారస్వత నికేతనం లైబ్రరీ ఉంది. ఇప్పుడు పెద్దమనుషులైపోయినవాళ్ళు కొందరు మధ్యలో "ఆ రికార్డింగ్ ఆపెయ్ బాబూ" అంటారు, ఆపెయ్యాలి.

వాట్సాప్ గ్రూపులో అందరినీ పంపమంటే సరిపోదా అంటారు. సరిపోదు. వాట్సాప్‌లో ఫోటో కుదించుకుపోయి, స్పష్టత తగ్గి వస్తుంది, కనీసం డాక్యుమెంటుగా పంపమనండి.

ఒక్క సందర్భంలో మాత్రం నా మాట వెనక్కి తీసుకుంటా. పెట్టె తడిసిందంటే ఇంటర్వ్యూ పక్కనపెట్టి స్కానర్ దగ్గరికి పరిగెత్తండి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నీళ్ళు దూరిన ఇళ్ళలో జిగురు పేజీల ఆల్బంలు ఏమయ్యాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తడవకపోతే ఆ ఫోటోనే చేతికిచ్చి, పక్కన ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి, "ఎడమవైపు నించున్నది ఎవరన్నా?" అని మొదలుపెట్టండి. పేరు చెప్పగానే ఫోటో వెనక పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో వద్దు, సిరా ఇవతలికి దిగుతుంది.