ట్రెడ్‌మిల్ కోసం అమ్ముతున్న అడవి బాట, నదీతీరం నడక వీడియోల పెన్‌డ్రైవ్‌లతో జాగ్రత్త

"20 గంటల అడవి బాటలు, నదీతీరం నడకలు, 4కె, 60 ఫ్రేములు" అని రాసి, ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ టీవీలో చూసేందుకంటూ ఆన్‌లైన్‌లో 64 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి అమ్ముతున్నారు. మొదటి ఫైలు నుంచి చివరిదాకా తెరిచి చూశాం. దయచేసి కొనకండి.

లెక్క వేస్తేనే మోసం తేలిపోతుంది. 64 జీబీని 20 గంటలకు పంచితే గంటకు 3.2 జీబీ, అంటే సెకనుకు 7 మెగాబిట్లు. 4కెలో సెకనుకు 60 ఫ్రేముల (బొమ్మల) వీడియో ఎక్కించేవాళ్లకు యూట్యూబ్ సూచించేది 53 నుంచి 68 మెగాబిట్లు. వీడియోను ఇంకా చిన్నగా కుదించే హెచ్‌ఈవీసీ పద్ధతి వాడినా అందులో దాదాపు సగం కావాలి. పైగా అడవిలో ప్రతి ఆకూ, నదిలో ప్రతి అలా ఫ్రేము ఫ్రేముకీ మారుతుంటాయి. డేటా చాలకపోతే ఆకులన్నీ పచ్చటి ముద్దయిపోతాయి, నీళ్లు గళ్లు గళ్లుగా విరిగిపోతాయి. ఇందులో జరిగింది అదే.

60 ఫ్రేములన్నదీ నిజం కాదు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో వీడియో ఆపి 'ఈ' కీ నొక్కితే ఒక్కో ఫ్రేమే జరుగుతుంది. ఇందులో రెండుసార్లు నొక్కితేగానీ బొమ్మ కదలదు. 30 ఫ్రేములనే రెట్టించారు. కంట్రోల్, జె కలిపి నొక్కితే వచ్చే వివరాల్లో 60 అనే కనిపిస్తుంది, దాన్ని చూసి మోసపోకండి.

అన్నిటికన్నా ప్రమాదం నిడివి పెంచిన తీరు. నది నడక 12 నిమిషాలు బాగానే సాగుతుంది. తర్వాత అదే ముక్కను వెనక్కి తిప్పి అతికించారు. నీటినే గమనించండి: ఇందాక రాయి పక్కనుంచి దిగువకు జారిపోయిన ఎండుటాకు ఇప్పుడు ఏటికి ఎదురెక్కుతుంది. బాట మీద మనుషులు వెనక్కి నడుస్తుంటారు. ఆ అతుకు దగ్గర కాళ్లు ముందుకు, దృశ్యం వెనక్కి. గంటకు 5 కిలోమీటర్ల వేగంలో చూపు తెర మీదే ఉంటే ఒళ్లు తూలుతుంది. ఏ వీడియో అయినా సరే, సేఫ్టీ కీ (లాగితే బెల్టును ఆపేసే తాడు) క్లిప్ చొక్కాకు తగిలించుకోకుండా బెల్టు ఎక్కొద్దు.

ఇంకొకటి. ఒక ఫైలుకు ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్‌లోని బారోడేల్, డెర్వెంట్ నది అని పేరు పెట్టారు. బాట రోడ్డు దాటేచోట కార్లు కుడివైపున పోతుంటాయి! బ్రిటన్‌లో మనలాగే ఎడమవైపున కదా.

నిజాయితీగా తీసిన గంట 4కె ఫైలు 4 జీబీ దాటుతుంది, ఎఫ్‌ఏటీ32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో పట్టదు. పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ మీ టీవీ చదువుతుందో లేదో ముందే చూసుకోండి. డబ్బు కట్టేముందు వీడియో మధ్యలోంచి 5 నిమిషాల ముక్క అడగండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపమనండి, మామూలుగా పంపితే కుదించుకుపోయి అసలు నాణ్యత తెలియదు.

ఇప్పటికే కొన్నవాళ్లు రిటర్న్ గడువు దాటకముందే ఆ ఆకు ఎదురెక్కే నిమిషం, సెకను రాసి, స్క్రీన్ రికార్డింగ్ జతచేసి ఫిర్యాదు పెట్టండి. అమ్మినవాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.