మన ఎండలకు చిక్కటి ఆయిలే కావాలా? ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

దిల్‌సుఖ్‌నగర్ నుంచి మాదాపూర్‌కు రోజూ వెళ్లివచ్చే నా పెట్రోల్ కారుకు ఈ మార్చితో ఎనిమిదేళ్లు నిండాయి. మీటరు 92,000 కిలోమీటర్లు చూపుతోంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసిన ఇంజన్ ఆయిల్ గ్రేడు 5డబ్ల్యూ-30. మధ్యలో ఒక్క 10,000 కిలోమీటర్లు తప్ప మొదటి నుంచీ అదే వాడాను.

వారంటీ ముగిసిన ఏడాది మే నెలలో ఇంటి దగ్గరి మెకానిక్‌తో సర్వీసింగ్ చేయించాను. "సార్, మన ఎండలకు నీళ్లలెక్క ఉండే ఆయిల్ ఆగదు. 20డబ్ల్యూ-50 పోద్దాం, ఇంజన్ చల్లగుంటది" అన్నాడు. 42 డిగ్రీల ఎండలో నిలబడి ఉన్న నాకు ఆ మాట సబబుగానే తోచి, ఆ చిక్కటి ఆయిల్‌నే పోయించాను. డిసెంబరు వచ్చేసరికి, ఉదయం స్టార్ట్ చేయగానే వినిపించే ట్యాపెట్ల (వాల్వులను కదిలించే భాగాల) చప్పుడు మునుపటికన్నా ఎక్కువసేపు సాగింది; లీటరుకు 16 దాటే మైలేజీ 15 దగ్గర ఆగింది. అందులో ట్రాఫిక్ వాటా కూడా ఉండవచ్చుననుకున్నాను గానీ, పాత గ్రేడుకు మారిన తర్వాతి చలికాలంలో, అదే దారిలో, మైలేజీ తిరిగి 16 దాటింది. ఇంజన్ వేడెక్కాక చిక్కటి ఆయిల్‌తో చప్పుడు కాస్త మెత్తబడిందని మాత్రం ఒప్పుకోవాలి.

డబ్ల్యూ అంటే వింటర్; దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ తీరును చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ చలిలో పలుచన. 5డబ్ల్యూ ఆయిల్‌తో ఇంజన్ తిరగగలదా అన్న పరీక్ష మైనస్ 30 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూకు మైనస్ 15 దగ్గర జరుగుతుంది కనుక, హైదరాబాద్ చలికి ఏదైనా స్టార్ట్ అవుతుంది. కానీ రాత్రంతా నిలిచిన ఇంజన్ పైభాగానికి పలుచనిది ముందు చేరుతుంది. రెండో అంకె 100 డిగ్రీల దగ్గరి చిక్కదనానిది: 30 గ్రేడుకు 9.3 నుంచి 12.5 లోపు, 50 గ్రేడుకు 16.3 నుంచి 21.9 లోపు సెంటీస్టోకులు. బయట 42 ఉన్నా 14 ఉన్నా, రేడియేటరు ఉన్న కారులో కూలెంట్‌ను (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని) థర్మోస్టాట్ 90 డిగ్రీలకు అటూ ఇటూగా నిలుపుతుంది కాబట్టి, ఎండను చూసి గ్రేడు మార్చవలసిన అవసరం నాకు కనిపించలేదు. పైగా చిక్కటి ఆయిల్‌ను కదిలించడానికి ఇంజన్ పడే అదనపు శ్రమ చివరికి వేడిగానే తేలుతుంది.

గాలితోనే చల్లబడే బైకు సంగతి వేరు. మా తమ్ముడి 350 సీసీ బండికి పుస్తకమే 15డబ్ల్యూ-50 చెప్పింది. అమీర్‌పేట సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి నడిచే ఆ ఇంజన్ నిజంగానే ఎండ దెబ్బ తింటుంది. నా కారుకు పోయగా మిగిలిన ఆయిల్ తమ్ముడు అందులో పోస్తానంటే వద్దన్నాను. దాని క్లచ్ కూడా అదే ఆయిల్‌లో తిరుగుతుంది కనుక డబ్బా మీద జాసో ఎంఏ గుర్తు (ఆయిల్‌లో తిరిగే క్లచ్‌కు సరిపడుతుందని చెప్పే జపాన్ ప్రమాణం) ఉండాలి, లేకపోతే క్లచ్ జారే ప్రమాదముంది.

ప్రస్తుతం సింథటిక్ 5డబ్ల్యూ-30నే, సీలు చూసి, బిల్లుతో రాణిగంజ్‌లో కొంటున్నాను. సర్వీసింగుల మధ్య డిప్‌స్టిక్ మీద మట్టం ఇంతవరకు చెప్పుకోదగినంత దిగలేదు. దిగడం మొదలైతే, పుస్తకంలోని పట్టిక అనుమతిస్తున్న, వేడిలో కాస్త చిక్కగా ఉండే 5డబ్ల్యూ-40కి మారతాను. 20డబ్ల్యూ-50 జోలికి మాత్రం పోను.