పిల్లలకు వాహనాల మాటలు: చిక్కుడుకాయల రథమా, ముంజకాయల బండా?

ఆదివారం తెలుగు క్లాసుకు పిల్లల్ని దింపడానికి వచ్చే అమ్మానాన్నలు ఏడాది పొడుగునా ఇదే అడుగుతుంటారు: "నాలుగైదేళ్ల వాళ్లకు వాహనాల మాటలు తెలుగులో రావాలంటే ఏ బొమ్మ చేయించమంటారు?" ఫ్లాష్ కార్డుల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కార్డు చూపిస్తే పిల్లాడు "బస్సు" అంటాడు, అక్కడితో సరి. కనుమకు అట్టముక్కలతో చేయించే ఎడ్లబండి బాగానే ఉంటుంది గానీ కోతలు, అతుకులు అన్నీ పెద్దవాళ్లే చేయాల్సి వస్తుంది. మిగిలినవి మూడు.

రథసప్తమికి చేసే చిక్కుడుకాయల రథం వీటిలో అన్నిటికంటే తేలిక. కాయలు, చీపురుపుల్లలు ఉంటే చాలు, గుచ్చడమే పని. మరీ లేత కాయ వంగిపోతుంది, ముదురుది పగులుతుంది కాబట్టి మధ్యరకం ఏరుకోవాలి. రథం, సారథి, పగ్గం, ఏడు గుర్రాలు అన్నీ కథతో పాటే వచ్చేస్తాయి. ఆ రోజే తిరుమలలో పొద్దున సూర్యప్రభతో మొదలై రాత్రి చంద్రప్రభ దాకా ఏడు వాహనాల మీద స్వామి ఊరేగుతాడు. టీవీలో చూపిస్తే "పాము కూడా వాహనమేనా?" అని అడగని పిల్లలుండరు. ఇంత ఉన్నా ఒక లోటుంది. రథం కదలదు. పూజలో పెట్టాక ముట్టుకోనివ్వరు కూడా.

అరటి దొప్ప తెప్ప కదులుతుంది. కార్తీకం వెళ్లిన మర్నాడు, పోలి పాడ్యమికి దీపాలు వదిలేది దీని మీదే. అపార్ట్‌మెంట్లలో టబ్బు నీళ్లు చాలు. పిల్లల చేతికిచ్చేటప్పుడు మాత్రం ఒత్తి వద్దు, రెండు శనగగింజల్ని ప్రయాణికులుగా ఎక్కించండి. ఒడ్డు, రేవు, తెడ్డు, తేలడం, మునగడం లాంటి నీళ్ల మాటలకు దీన్ని మించింది లేదు. అయితే పది నిమిషాల్లో అందరి బట్టలూ తడుస్తాయి, ఆట ఆగిపోతుంది.

నా ఓటు ముంజకాయల బండికే. ముంజలు తినేశాక మిగిలిన రెండు బుర్రలు, వాటి మధ్య ఇరుసుగా ఒక పుల్ల, తోయడానికి పంగల కర్ర. బెజ్జాలు పెద్దవాళ్లే పెట్టాలి, ఆ తర్వాత మన అవసరం ఉండదు. నా లెక్కలో తేల్చేది ఇదే: చేసేటప్పుడు పిల్లలకు పెద్దగా మాటలు రావు, ఆడేటప్పుడు వస్తాయి. బొమ్మ చేస్తున్నంతసేపూ వాళ్ల ధ్యాసంతా వేళ్ల మీదే ఉంటుంది. అదే బండి చేతికొచ్చిందా, "తొయ్", "మలుపు తిప్పు", "పల్లం వచ్చింది, మెల్లగా", "అడ్డం లే", "ఇరుసు ఊడింది!" అని ఒకటే గోల. ఒకడు కండక్టరై "రైట్ రైట్" అంటాడు, ఇంకొకడు స్టేజీ రాగానే "ఆపండాపండి" అని అరుస్తాడు. కాసేపటికి అదే బండి లారీ, ఆటో, అంబులెన్సు అవుతుంది. క్రియాపదాలు ఇంత ధారాళంగా ఏ కార్డూ రప్పించలేదు. పైగా ఇందులో పూజ ప్రసక్తి లేదు కాబట్టి క్లాసులో అన్ని మతాల పిల్లలూ కలిసి ఆడుకోవచ్చు.

చిక్కల్లా ముంజలు వేసవిలోనే దొరకడం. బుర్రలు ఎండితే తేలికైపోయి సరిగా దొర్లవు, అందుకే తిన్న రోజే చేయించాలి. ముంజలమ్మేవాళ్లను ముందే అడిగితే కాయను నిలువునా నరకకుండా పైన మాత్రమే చెక్కి ఇస్తారు.

అమెరికాలో ఉన్నవాళ్లు అడుగుతారని తెలుసు. అక్కడ తాటి బుర్రలు ఎక్కడ దొరుకుతాయి? ఇండియన్ స్టోర్‌లో చిక్కుడుకాయలు తెచ్చి రెండు రథాలు చేయించండి. ఒకటి పూజకు. రెండోదానికి సీసా మూతలు చక్రాలుగా తగిలించి, దారం కట్టి ఇల్లంతా లాగనివ్వండి.