వరితో ఊళ్ళోనా? చెరువుకిచ్చి టౌనుకా?

భీమవరం వైపు రెండు మూడెకరాల రైతుల ఇళ్ళలో తెగని చర్చ ఇది: సార్వా (వానాకాలం వరి), దాళ్వా (రెండో పంట వరి) వేసుకుంటూ ఉండిపోవాలా, పొలం చేపల, రొయ్యల చెరువుకి లీజుకిచ్చి టౌనులో అద్దెకి దిగాలా?

వరి లెక్క చూద్దాం. 2025–26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. మన 75 కిలోల బస్తాకి 1,777 దాకా పడుతుంది, అదీ తేమ ఎక్కువుందని ధరలో కోత పెట్టకపోతే. దమ్ము, ఊడ్పు, ఎరువులు, కోత మిషను పోగా మిగిలేది తక్కువ. 2011లో కోనసీమ రైతులు సార్వా మానేసి పంట విరామం ప్రకటించింది ఈ గిట్టుబాటు బాధతోనే. గేదె సంగతీ అంతే. మిషను కోతలో గడ్డి చేలోనే నలిగిపోతోంది. సొంత చేను ఉన్నవాడూ గడ్డి కొంటున్నాడు!

అయినా బియ్యం, పాలు, కొబ్బరికాయ, పెరట్లో ములక్కాడ ఇంట్లోవే. టౌనులో పొద్దున్నే పాల ప్యాకెట్టుతో ఖర్చు మొదలు.

చెరువు లీజు వరి మగతా (కౌలు) కంటే బాగా ఎక్కువ. తుఫానొస్తే టెన్షన్ కూడా మనది కాదు. టౌనులో కాలేజీ, ఆస్పత్రి దగ్గర. కానీ ఉప్పునీటి రొయ్యల చెరువైతే ఆ నేల మళ్ళీ వరికి రావడం కష్టం, పక్క చేలకీ ఉప్పు ఊరుతుంది. చేపల చెరువు కొంత నయం.

వెళ్ళక తప్పకపోతే వరికే మగతాకివ్వడం మేలని నా అభిప్రాయం. చెరువుకే ఇస్తే, గట్లు చదును చేసి అప్పజెప్పాలని కాగితంలో రాయించుకోండి.